చౌకగా వచ్చిన స్పోర్ట్స్ కారు : కొనడమా, మానడమా?

ఉక్కు నగరంలో పనిమంతులకు కొదవ లేదు, కొరతల్లా విడిభాగాలకే

జంషెడ్‌పూర్ : లారీలు తయారుచేసే నగరంలో స్పోర్ట్స్ కారుపై మోజు పుట్టడం వింతేమీ కాదు. ఇనుముతోనూ, ఇంజన్లతోనూ నిత్యం సహవాసం చేసే కుటుంబాలు ఇక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరాల క్రితం ఉపాధి కోసం వచ్చి కద్మా, టెల్కో కాలనీ, గోల్మురి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. ఏటా దసరాకు ముందు బోనస్ డబ్బు చేతికి అందే వేళ, సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు వాహనాలను కడిగి ముస్తాబు చేసే వేళ, ఈ నగరంలో వాహనాల ప్రస్తావన మరింత ఎక్కువగా వినిపిస్తుంది. సరిగ్గా అటువంటి సమయంలోనే ‘రెండున్నర లక్షలకు స్పోర్ట్స్ కారు వస్తోంది, కొద్దిపాటి మరమ్మతు చేయిస్తే చాలు’ అన్న కబురు చెవిన పడితే కాదని అనడం కష్టం.

అయితే ఆ ‘కొద్దిపాటి మరమ్మతు’ అన్న మాటలోనే అసలు చిక్కంతా ఉంది. ఏనుగును కొనడం కన్నా మేపడం కష్టమన్న నానుడి ఇటువంటి కార్ల విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. ఒక మధ్యతరగతి కుటుంబపు ఏడాది పొదుపు, కొన్ని సందర్భాల్లో పదవీ విరమణ సొమ్ము, ఈ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. కనుక ఆర్థికంగానూ, సాంకేతికంగానూ, చట్టరీత్యానూ ఈ వ్యవహారాన్ని పరిశీలించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

కారు తయారుకాని కార్ల కంపెనీ నగరం

నేటి టాటా మోటార్స్‌కు మూలమైన టెల్కో 1945లో ఇక్కడ రైలు ఇంజన్ల తయారీ కోసం నెలకొన్నది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల ఉత్పత్తి ప్రారంభమైంది. 1998లో వెలుగుచూసిన ఇండికా మొదలు ఆ సంస్థ చిన్న కార్లు పుణెలోనూ, తరువాత గుజరాత్‌లోని సానంద్‌లోనూ తయారయ్యాయే తప్ప జంషెడ్‌పూర్‌లో కాదు. ఈ నగరం వాణిజ్య వాహనాలకే పరిమితమైంది.

అయినా ఈ పారిశ్రామిక కుటుంబానికీ, వేగవంతమైన కార్లకూ ఉన్న అనుబంధం పాతదే. 1938లో టాటా సన్స్ చైర్మన్ పదవిని చేపట్టిన జేఆర్‌డీ టాటా యవ్వనంలో బుగాటీ కారు నడిపేవారు. ఆ కారు తెచ్చిపెట్టిన ఒక ప్రమాదం కేసులో సలహా కోసం న్యాయవాదిని ఆశ్రయించినప్పుడే, ఆ న్యాయవాది బంధువైన థెల్మా వికాజీతో ఆయనకు పరిచయమైంది. 1930లో వారి వివాహం జరిగింది. టాటా మోటార్స్ సంస్థ సైతం 2000 సంవత్సరంలో ఆరియా పేరుతోనూ, 2017లో రేసిమో పేరుతోనూ రెండు సీట్ల స్పోర్ట్స్ కార్ల నమూనాలను ప్రదర్శించింది. రెండూ ఉత్పత్తి దశకు చేరలేదు. 2018 అక్టోబరులో కోయంబత్తూరుకు చెందిన జయెం ఆటోమోటివ్స్ భాగస్వామ్యంతో టియాగో, టిగోర్ కార్లకు టర్బో ఇంజను అమర్చి జేటీపీ పేరుతో విడుదల చేసినా, 2020లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చేసరికి వాటి తయారీ నిలిచిపోయింది.

ఒక్క టాటా సంస్థకే పరిమితమైన అనుభవం కాదిది. మన దేశంలో స్పోర్ట్స్ కారు అన్న సరకుకు స్థిరమైన విపణి ఏనాడూ ఏర్పడలేదు. తక్కువ సంఖ్యలో అమ్ముడై, కొద్ది కాలానికే తయారీ ఆగిపోయిన మోడళ్లే అధికం. నేడు చౌకగా దొరుకుతున్న పాత కార్లన్నీ దాదాపు ఆ కోవకు చెందినవే కావడం గమనార్హం.

ఏయే కార్లు దొరుకుతున్నాయి?

ఈ తరహా కార్లను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటిది, అచ్చంగా స్పోర్ట్స్ కారుగానే రూపొందిన దేశీయ వాహనం. 1990 దశాబ్దం చివరిలో వచ్చిన శాన్ స్టార్మ్ ఇందుకు ఉదాహరణ. రెండు సీట్లు, ఫైబర్ గ్లాస్ బాడీ, ఫ్రెంచి సంస్థ రెనోకు చెందిన క్లియో కారులోని 1,149 సీసీ ఇంజను దీని ప్రత్యేకతలు. శక్తి 60 అశ్వసామర్థ్యం మాత్రమే అయినా బరువు తక్కువ కావడం దీనికి కలిసివచ్చింది. కాగా, క్లియో కారు భారత విపణిలో అమ్మకానికి రాలేదు. దీని విడిభాగాల సమస్య ఎక్కడ మొదలవుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

రెండవది, మామూలు కారుకు బలమైన ఇంజను అమర్చి విక్రయించిన రకం. 100 అశ్వసామర్థ్యం గల ఫియట్ పాలియో 1.6, 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2013 నాటి ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2015లో విడుదలైన అబార్త్ పుంటో ఈ తరగతిలోనివి. టాటా జేటీపీ కార్లు కూడా ఈ జాబితాలోకే వస్తాయి.

మూడవది, విదేశీ విలాస కార్లు. బీఎండబ్ల్యూ జడ్4, ఆడి టీటీ, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే వంటివి మహానగరాల్లో ఒకరిద్దరు యజమానుల చేతులు మారాక, కొత్తలో ఉన్న ధరలో కొద్ది భాగానికే లభిస్తాయి. ధర పడిపోయినంత మాత్రాన వాటి విడిభాగాల ధరలు తగ్గవన్న సంగతిని కొనుగోలుదారులు విస్మరిస్తుంటారు. మీట నొక్కితే మడతపడే పైకప్పు మొరాయించిందంటే, ఒక చిన్న కారు ధరలో గణనీయమైన భాగం దానికే ఖర్చు కావచ్చు.

అమెరికా, ఐరోపా దేశాలలో ఈ ముచ్చట ఇంత కష్టం కాదు. 1989లో జపాన్ సంస్థ మాజ్డా విడుదల చేసిన ఎంఎక్స్-5 రెండు సీట్ల కారు 2016 నాటికి పది లక్షలు తయారైంది. అంత పెద్ద సంఖ్యలో వాహనాలు ఉన్నప్పుడు పాత భాగాలు, అనుకరణ భాగాలు, అనుభవజ్ఞులైన మెకానిక్‌లు అన్నీ సమకూరుతాయి. ఆ కారు మన దేశంలో అధికారికంగా అమ్మకానికి రాలేదు. విదేశం నుంచి తెచ్చుకుందామన్నా, మూడేళ్లకు మించి పాతబడిన కారును దిగుమతి చేసుకోవడానికి సాధారణంగా నిబంధనలు అంగీకరించవు. సుంకం భారం సరేసరి.

ధర ఎందుకు తగ్గింది?

అమ్మేవారికి కారు లోపాలన్నీ తెలుసు, కొనేవారికి తెలియవు. ఈ తేడా విపణిని ఏ విధంగా దెబ్బతీస్తుందో అమెరికా ఆర్థికవేత్త జార్జి అకర్లాఫ్ 1970లోనే పాత కార్ల ఉదాహరణతో ఒక వ్యాసంలో వివరించారు. లోపం ఉన్నదేదో, లేనిదేదో కొనుగోలుదారు పోల్చుకోలేడు కనుక అన్నింటికీ సగటు ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడానికి ఇష్టపడడు. ఫలితంగా విపణిలో లోపాలున్న కార్లే మిగులుతాయి. ఈ సిద్ధాంతానికి గుర్తింపుగా 2001లో మరి ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. పనికిరాని కారును అమెరికన్లు ‘నిమ్మకాయ’ అంటారు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే మన ఆచారానికీ, ఆ మాటకూ సంబంధం లేకపోయినా, పాత బండి కొనేముందు ఆ రెండవ అర్థాన్ని కూడా గుర్తుంచుకోవడం మేలు.

ధర తగ్గడానికి లోపమొక్కటే కారణం కాకపోవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. దీంతో గడువు సమీపించిన వాహనాలు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలడం మొదలైంది. 2025 ఆగస్టులో యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో ఆ ఊరటను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఇటువంటి కారణంతో ధర తగ్గిన కారు యాంత్రికంగా బాగానే ఉండవచ్చు.

మరొక కారణం వరదలు. 2015 డిసెంబరులో చెన్నై, 2018 ఆగస్టులో కేరళ, 2020 అక్టోబరులో హైదరాబాద్ నీట మునిగినప్పుడు వేల వాహనాలు దెబ్బతిన్నాయి. బీమా సంస్థలు పూర్తి నష్టంగా పరిగణించిన వాహనాలు వేలంలో చేతులు మారి, శుభ్రపడి, దూర ప్రాంతాలలో అమ్మకానికి రావడం కద్దు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అటువంటి కార్ల కోసమే పుట్టిందనిపిస్తుంది. కార్పెట్టు కింద ఎండిన బురద, సీటు బోల్టులపై తుప్పు, ఎంత తుడిచినా పోని ముక్క వాసన దానికి ఆనవాళ్లు.

పని చేసేవారున్నారు, సరకు లేదు

ఇక్కడే జంషెడ్‌పూర్‌కు సంబంధించిన ప్రత్యేక విషయం ఒకటుంది. వెల్డింగ్, టర్నింగ్, ఫిట్టింగ్ పనుల్లో చేయి తిరిగినవారు ఈ నగరంలో వాడవాడలా కనిపిస్తారు. ఖర్కాయి నది ఆవలి ఒడ్డున ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో లారీలకు విడిభాగాలు చేసే చిన్న, మధ్యతరహా యూనిట్లు వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక బుష్ తయారు చేయించాలన్నా, విరిగిన బ్రాకెట్టును అతికించాలన్నా, బ్రేకు డ్రమ్మును లేతు మీద సరిచేయించాలన్నా ఇంతకన్నా అనువైన ఊరు మరొకటి ఉండదు. ‘మనకు తెలియని పనా?’ అన్న ధీమా కలగడానికి కారణమిదే.

కానీ ఈ నైపుణ్యమంతా ఇనుముకు సంబంధించినది. స్పోర్ట్స్ కారులో చెడిపోయేవి వేరే ఉన్నాయి. ఇంజనును నియంత్రించే ఎలక్ట్రానిక్ యూనిట్, సెన్సార్లు, టర్బోచార్జర్, డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు, గాలిసంచి వైరింగు వంటివాటిని లేతు యంత్రం మీద తయారుచేయడం సాధ్యం కాదు. ఫైబర్ గ్లాస్ బాడీకి పడిన పగులును రేకు పనివారు పూడ్చలేరు. దానికి రెసిన్, మ్యాట్ పని తెలిసినవారు కావాలి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లు, పనిమంతులందరూ ఉన్నా ఒక్క సెన్సారు కోసం కారు నెలల తరబడి షెడ్డులో నిలిచిపోయే ప్రమాదం ఉంది.

తయారీదారు దేశం విడిచిపోతే పరిస్థితి మరింత జటిలమవుతుంది. జనరల్ మోటార్స్ 2017 చివరికి దేశంలో అమ్మకాలు నిలిపివేసింది. ఫియట్ బ్రాండు కార్ల అమ్మకం 2019లో ముగిసింది. ఫోర్డ్ సంస్థ 2021 సెప్టెంబరులో ఇక్కడ ఉత్పత్తి ఆపుతున్నట్లు ప్రకటించింది. అటువంటి కార్ల యజమానులు పాత విడిభాగాల సంతలను ఆశ్రయించక తప్పదు. జంషెడ్‌పూర్ వాసులకు వీటిలో దగ్గరిది కోల్‌కతాలోని మల్లిక్ బజార్. ఢిల్లీలోని మాయాపురి, చెన్నైలోని పుదుపేట ఆ తరువాతివి. అక్కడ దొరికే భాగానికి గ్యారంటీ ఉండదు. సరిపోకపోతే రానుపోను ఖర్చు అదనం.

కనుక కారు పేరుకన్నా, దాని ఇంజను మరే కారులో ఉందన్న ప్రశ్న ముఖ్యం. ఉదాహరణకు ఫియట్ పుంటోలోని 1.3 లీటర్ల డీజిల్ ఇంజనే మారుతి స్విఫ్ట్‌లోనూ, టాటా ఇండికా విస్టాలోనూ ఉండేది. ఫియట్ వెళ్లిపోయినా ఆ ఇంజను భాగాలకు కరవు రాకపోవడానికి కారణమిదే. అదే పుంటోకు అబార్త్ పేరుతో వచ్చిన 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను అంత విరివిగా వాడుకలోకి రాలేదు. బయటికి ఒకేలా కనిపించే రెండు కార్ల మధ్య నిర్వహణ వ్యయంలో ఇంతటి తేడా ఉంది.

లెక్క వేస్తే తేలేదేమిటి?

ఒక ఊహాలెక్కను పరిశీలిద్దాం. పదేళ్లు దాటిన ఒక స్పోర్ట్స్ తరహా కారును రెండున్నర లక్షలకు ఇస్తామన్నారనుకుందాం. రిజిస్ట్రేషన్ బదిలీ, పన్ను, బీమా వంటి కాగితాల ఖర్చు 35 వేలు; టైర్లు, బ్రేకులు 45 వేలు; సస్పెన్షన్ 40 వేలు; క్లచ్, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు 45 వేలు; ఏసీ, వైరింగు 25 వేలు; డెంటింగ్, పెయింటింగ్ 40 వేలు అవుతాయనుకుందాం. కాగితాల ఖర్చు మినహా మరమ్మతులకే లక్షా 95 వేలు. ఇంజను విప్పాక బయటపడే అదనపు పనులకు ఇందులో మూడో వంతు, అంటే 65 వేలు పక్కన పెట్టుకోవాలి. వెరసి కారు ఇంటికి వచ్చి సక్రమంగా తిరిగే నాటికి ఖర్చు 5 లక్షల 45 వేలు.

ఇదే మోడల్ కారును శ్రద్ధగా వాడిన యజమాని, సర్వీసు రశీదులతో సహా నాలుగు లక్షలకు అమ్ముతున్నాడనుకుందాం. కాగితాల ఖర్చు అదే 35 వేలు, చిల్లర మరమ్మతులు 60 వేలు కలిపినా మొత్తం 4 లక్షల 95 వేలు దాటదు. లక్షన్నర చౌక అనుకున్న కారు చివరికి 50 వేలు ప్రియమైనదన్నమాట. పైగా మరమ్మతు సాగినన్నాళ్లూ అది ఇంట్లో లేదు.

ఈ లెక్కనే తిరగవేస్తే బేరం ఎంతవరకు ఆడవచ్చో తెలుస్తుంది. మంచి కారుకు అయ్యే మొత్తం నుంచి, చెడిన కారు కాగితాలకూ, మరమ్మతులకూ, అదనపు పనులకూ అయ్యే 2 లక్షల 95 వేలు తీసివేస్తే మిగిలేది 2 లక్షలు. ఆ ధరకు కొన్నా రెండు కార్లూ సమానమే అవుతాయి. శ్రమకూ, కాలయాపనకూ, అనిశ్చితికీ ప్రతిఫలం కావాలంటే బేరం రెండు లక్షల లోపే తెగాలి. అంతకు దిగిరాని అమ్మకందారుకు నమస్కరించి రావడమే ఉత్తమం. అంకెలు కారు కారుకూ మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

అమ్మే రోజును కూడా ముందే ఆలోచించాలి. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నారు పెద్దలు. ఇంజనుకు ఎంత ఖర్చు పెట్టామన్నది తదుపరి కొనుగోలుదారుకు అనవసరం. అతడు సంవత్సరం, మోడల్, కిలోమీటర్లు చూసి ధర చెబుతాడు. పైపెచ్చు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో కొత్త కార్ల ధరలు దిగివచ్చాయి. ఆ ఒత్తిడి పాత కార్ల ధరలపై పడటం సహజం. పాత కార్ల వ్యాపారులు తమ లాభం మేరకు చెల్లించే జీఎస్టీని అన్ని రకాల వాహనాలకూ 18 శాతంగా నిర్ణయించాలని 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి సిఫార్సు చేసింది. వ్యక్తులు ఒకరికొకరు నేరుగా అమ్ముకుంటే ఈ పన్ను వర్తించదు.

చట్టం ఏమంటున్నది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెంచారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దీన్ని 10 వేలుగానూ, దిగుమతి కార్లకైతే 80 వేలుగానూ నిర్ణయించారు. 2004 నాటి కారును ముచ్చటపడి కొనేవారు ఈ తేదీలను లెక్కలోకి తీసుకోవాలి.

హైదరాబాద్‌లోనో, విశాఖపట్నంలోనో ఉన్న బంధువుల ద్వారా కారు కొని జంషెడ్‌పూర్ తెచ్చుకోవాలనుకునే తెలుగువారు మరింత జాగ్రత్త వహించాలి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచదలచుకుంటే జార్ఖండ్ పన్ను చెల్లించి, జేహెచ్-05 శ్రేణిలో కొత్త నంబరు పొందాలి. పాత రాష్ట్రంలో చెల్లించిన జీవితకాల పన్నులో మిగిలిన భాగాన్ని వాపసు కోరే వీలున్నా, ఆ వ్యవహారం తేలడానికి ఓపిక అవసరం. అప్పుతో కొన్న కారైతే, ఆ బాకీ తీరినట్లు ఆర్‌సీలో నమోదైన తరువాతే సొమ్ము చెల్లించాలి.

పేరు మార్పిడిలో జాప్యం అమ్మినవారికీ ప్రమాదకరమే. కారు అమ్మేసినా రిజిస్ట్రేషన్ తన పేరిటే ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత ఆ పాత యజమానిదేనని నవీన్ కుమార్, విజయ్ కుమార్ మధ్య నడిచిన కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులోని కారు అప్పటికే పలు చేతులు మారింది. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, కారును అధీకృత వ్యాపారికి అప్పగించి రవాణా కార్యాలయానికి తెలియజేస్తే బాధ్యత ఆ వ్యాపారికి బదిలీ అవుతుంది. కేంద్ర రవాణా శాఖ వాహన్ సమాచార వ్యవస్థలో నంబరు ఇస్తే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, తాకట్టు వివరాలు, బకాయి పడిన చలానాలు బయటపడతాయి. కొనేముందు ఐదు నిమిషాలు వెచ్చించి చూడదగిన సమాచారమిది.

స్పోర్ట్స్ కార్లకు పెద్ద శబ్దం చేసే సైలెన్సర్లు, మార్చిన ఇంజన్లు, వెడల్పు చక్రాలు అమర్చడం పరిపాటి. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని చట్టంలోని 52వ సెక్షన్‌ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అటువంటి మార్పులు తనిఖీలో చిక్కులు తేవడమే కాక బీమా పరిహారానికీ అడ్డుపడవచ్చు.

బీమా విషయానికొస్తే, ఐదేళ్లు దాటిన కారు విలువను యజమాని, సంస్థ పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలి. మరమ్మతుకు పెట్టిన ఖర్చంతా ఆ విలువలో ప్రతిఫలించదు. ప్రమాదం జరిగితే రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం, ఫైబర్ గ్లాస్ భాగాల ధరలో 30 శాతం తరుగుదల కింద కోత పడుతుంది. ఆ మేరకు భారం యజమానిదే. పాత యజమానికి దక్కిన నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు రాదు.

చూడవలసినవి ఏమిటి?

కారును ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ముందుగానే వేడిచేసి ఉంచారంటే ఉదయపు స్టార్టింగు సమస్యను దాస్తున్నారని అనుమానించాలి. ఆయిల్ మూత తీస్తే తెల్లని మీగడ వంటి పదార్థం కనిపిస్తే నీరు ఆయిల్లో కలుస్తున్నట్లు. నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతున్నట్లు. సిలిండర్ల కంప్రెషన్ పరీక్షకు అయ్యే స్వల్ప ఖర్చు కొనుగోలుదారుకు పెద్ద నష్టం తప్పించగలదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రశీదు అడగాలి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పాడవుతుంది. స్కానింగ్ పరికరం తగిలించి చూస్తే ఎలక్ట్రానిక్ లోపాలు తెలుస్తాయి. కొనడానికి కాస్త ముందే ఆ లోపాల జాబితాను చెరిపివేశారేమో కూడా గమనించాలి. అమ్మేవారి మెకానిక్ చేత కాక, మన మెకానిక్ చేతనే ఇవన్నీ జరిపించాలి.

పెట్రోలు సంగతి కూడా ఇటీవల ముఖ్యమైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు లక్ష్యాన్ని 2025లో చేరుకున్నట్లు కేంద్రం ప్రకటించింది. పాత కార్లలోని రబ్బరు గొట్టాలు, సీళ్లు ఈ ఇంధనానికి రూపొందినవి కావు. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై పది శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఇంధన గొట్టాలను మార్పించే ఖర్చును మరమ్మతు జాబితాలో చేర్చుకోవడం మంచిది.

ఎవరు కొనవచ్చు?

ఇన్ని ఇబ్బందులున్నా ఇటువంటి కారు కొనడం అన్నివేళలా అవివేకం కాదు. కొన్ని షరతులు నెరవేరితే అది సమంజసమైన నిర్ణయమే. కారు ప్రస్తుతం నడుస్తున్న స్థితిలో ఉండాలి. ఏళ్లతరబడి నిలిచిపోయినదై ఉండరాదు. కాగితాలు నికార్సుగా ఉండాలి. ఇంజను, గేరుబాక్సు భాగాలు దొరుకుతాయని కొనకముందే నాలుగైదు దుకాణాల్లో విచారించి నిర్ధారించుకోవాలి. పనికి వెళ్లడానికి, పిల్లలను బడికి చేర్చడానికి ఇంట్లో మరో వాహనం ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, పెట్టే డబ్బు కుటుంబ అవసరాలకు కేటాయించినది కారాదు. పాత కారుకు బ్యాంకు రుణంపై వడ్డీ కొత్త కారుకన్నా ఎక్కువే కనుక, అప్పు చేసి ఈ ముచ్చట తీర్చుకోవడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు.

ఈ షరతులన్నీ తీరినవారికి, ముఖ్యంగా జీవితమంతా యంత్రాలతో గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవారికి, ఆదివారాలు బోనెట్ ఎత్తి పనిచేసుకోవడంలోనే ఆనందం ఉండవచ్చు. వారు తమ శ్రమకు కూలి లెక్కకట్టరు. సినిమాకో, యాత్రకో పెట్టినట్లే ఆ సొమ్మును వినోదం కింద రాసుకుంటే సరిపోతుంది. తిరిగి వస్తుందన్న ఆశ మాత్రం ఉండకూడదు. దల్మా కొండల వైపు ఒక ఉదయం సాగే ప్రయాణం విలువ ఎంతో వారే నిర్ణయించుకోగలరు.

బోనస్ డబ్బుతో ఇంటికి ఒకే ఒక్క కారు కొనాలనుకునే కుటుంబం పరిస్థితి మాత్రం వేరు. వారికి కావలసింది వానాకాలంలో అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినా మొరాయించని వాహనం. విడిభాగం కోసం మల్లిక్ బజార్ వైపు ఎదురుచూసే కారు ఆ అవసరాన్ని తీర్చలేదు. అటువంటివారు రెండున్నర లక్షల స్పోర్ట్స్ కారును చూసి ముచ్చటపడి, అదే సొమ్ముకు సర్వీసు రశీదులున్న మామూలు చిన్న కారును ఎంచుకోవడమే విజ్ఞత. బేరం కుదిరిన కారైనా సరే, అడ్వాన్సు ఇచ్చే ముందు మరమ్మతుల జాబితాను కాగితంపై రాయించి, ఒక్కో భాగానికి ధర కనుక్కొని, మొత్తం కూడి చూడాలి. ఆ కాగితం సిద్ధం కావడానికి వారం రోజులు పట్టినా నష్టం లేదు. ఆలోగా కారు ఇతరులు కొనుక్కుపోతే మరో కారు దొరుకుతుంది. పోయిన పొదుపును తిరిగి కూడబెట్టడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.